మీ బదులు మీ నీడ

తన ఇల్లు కూల్చెయ్యడానికి తానే ఒప్పుకున్న సంగతి, కాలనీ గేటుకి అంటించిన నోటీసు చూసేదాకా మంగతాయారుగారికి తెలీదు. పాల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని ఓసారి చదివారు. నమ్మకం కుదరక మళ్లీ చదివారు. "విశ్రాంతి కాలనీలో నివసించు పెద్దలందరూ ఏకగ్రీవముగా, మనస్ఫూర్తిగా సమ్మతించినందున" పెంకుటిళ్లన్నీ తీసేసి, ఆ స్థలంలో పన్నెండంతస్తుల వృద్ధుల నివాస భవనం కడతారట. సోమవారం కల్యాణ మండపంలో ప్రజా విచారణట. ఆ తర్వాత పనులు మొదలట.

"మనస్ఫూర్తిగానా!" అని అరిచారావిడ గేటు మీద. "ఎవడి మనసురా? ఎప్పుడు అడిగార్రా?"

వెనకవీధిలో ఇడ్లీ కొట్టు నడిపే బుల్లెమ్మ అప్పుడే గిన్నె పట్టుకుని వస్తోంది. కాలనీలో సగం మందికి పొద్దుటి టిఫిను ఆవిడ చేతిదే. "ఏంటి తాయారమ్మగారూ, పొద్దున్నే గేటుతో దెబ్బలాట?" అంది.

మంగతాయారుగారు నోటీసు చదివి వినిపించారు. బుల్లెమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"చంపేహె! పన్నెండంతస్తులే! మరి అంతమంది మురుగు నీళ్లు ఎటెళ్తాయండీ? మా వెనకవీధి బోదిలోకేగా! ఇప్పుడే చిన్న వానొస్తే నా పొయ్యిలోకొస్తన్నాయి నీళ్లు. అదలా ఉంచండి, మీరంతా ఎలా ఒప్పుకున్నారండీ బాబూ? మాతో ఒక్క ముక్కైనా అన్లేదే?"

"నేనొప్పుకోవడమేంటే? నీకు మతి గానీ పోయిందా?"

"నామీద పడతారేంటండీ? కాయితం చెప్తందిగా!"

అమలాపురంలో విశ్రాంతి కాలనీ తెలియనివాళ్లు తక్కువ. పూర్వం పిల్లల్లేని కొబ్బరి వ్యాపారి ఒకాయన, ఊళ్లో ఒంటరి ముసలివాళ్ల కోసమని రాసిచ్చిన స్థలం అది. నలభై ఇళ్లు, రెండు వరసలు, ఎదురెదురు అరుగులు. ఆయన ఎంత తెలివిగా కట్టించాడంటే, ఏ ఇంట్లో మంచం మీద పడుకున్నా ఎదుటింటి గుమ్మం కనబడుతుంది. పొద్దున్న ఒకరి తలుపు తెరుచుకోకపోతే ఎదుటివాళ్లు కేకేస్తారు. అంతకన్నా పెద్ద వైద్యం ఆ వయసువాళ్లకి ఇంకోటి లేదని మంగతాయారుగారి అభిప్రాయం. ఆవిడ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. నోరు పెద్దది. ఆ నోటికి జడిసి కరెంటు ఆఫీసువాళ్లు కూడా ఆ వీధిలో కోత పెట్టేముందు ఫోన్ చేస్తారు.

ఆవిడతో పాటు ఆవిడ చెల్లెలు వరాలు ఉంటుంది. భర్త పోయాక అక్క దగ్గరికొచ్చేసింది. రెండేళ్లుగా వరాలుకి మతిమరుపు. నిన్నటిది ఇవాళ ఉండదు. కానీ ఆ అరుగు మీద కూర్చుంటే మాత్రం అన్నీ తెలుసు ఆవిడకి. చిక్కుడుపాదు తెలుసు, ఎదుటింటి సూర్రావుగారు తెలుసు, అక్క తెలుసు. పోయినేడు జ్వరమొచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో పెడితే, ఆ తెల్లగోడల మధ్య అక్కని చూసి, "ఎవరండీ తమరు? మా అక్కని పిలుస్తారా?" అని దణ్ణం పెట్టి అడిగింది. జన్మలో ఎవరి ముందూ ఏడవని మంగతాయారుగారు ఆ రోజు నర్సు ముందు ఏడ్చారు. ఇంటికి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టిన పూటే వరాలు, "కాఫీ ఏదే అక్కా?" అంది. అంటే ఆ ఇల్లు పోతే ఆ పిల్ల మనసులోంచి అక్క కూడా పోతుంది. పన్నెండో అంతస్తు కాదు, ఇంద్రభవనం కట్టిచ్చినా తిరిగి రాదు.

అందుకని ఆవిడ ఇంట్లోకెళ్లి, పాలు పొయ్యి మీద పడేసి, గోడకున్న పెట్టె వంక చూశారు. ఇదంతా ఆ పెట్టె పనేనని ఆవిడకి అనుమానమొచ్చింది.

ఆ పెట్టె పేరు నీడ. అరచేతంత ఉంటుంది. కాలువ అవతల, పూర్వం కొబ్బరిపీచు షెడ్డుగా ఉన్న చోట ఇప్పుడొక ప్రయోగశాల ఉంది. దాని పెద్ద డాక్టర్ హైమ. ఈవిడ శిష్యురాలే. నిరుడు ఆ పిల్లే వచ్చి నలభై ఇళ్లలోనూ ఈ పెట్టెలు బిగించింది. ఇంట్లో మనం మాట్లాడేదంతా వింటూ, ఏడాది తిరిగేసరికి అచ్చం మనలాగే మాట్లాడడం నేర్చుకుంటుంది. గ్యాసువాడు ఫోన్ చేస్తే మన గొంతుతో తనే బండ చెప్పేస్తుంది. పింఛనుకి బతికున్నామని ఏటేటా చెప్పుకోవాల్సిన ఖర్మ లేకుండా తనే చెప్పేస్తుంది. "మీ బదులు మీ నీడ" అని ప్రకటన. మోకాళ్లు పట్టేసినవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? అందరూ సంబరపడ్డారు. ఈలోగా డెబ్భై దాటినవాళ్ల విషయంలో నీడ మాట మనిషి మాటతో సమానమని ప్రభుత్వం ఒక ఉత్తర్వు కూడా ఇచ్చింది. అదీ పెద్దల సౌకర్యం కోసమే! పెద్దల పేరు చెప్పి ఈ దేశంలో ఏదైనా చెయ్యొచ్చు.

ఈ నోటీసుకి రెండు నెలల ముందే సూర్రావుగారి ఇల్లు పోయింది; ఆయనొక్కరే ఒప్పుకున్నారనుకుంది వీధి. నమూనాకి ఒక ఇల్లు తీసి నేల పరీక్ష చెయ్యాలని నిశ్చింత నిలయాలనే కట్టుబడి కంపెనీవాళ్లు బుల్డోజరేసుకుని వచ్చారు. "మీరు ఒప్పుకున్నారు కదండీ" అన్నారు. ఆయన అరుగు మీద నిలబడి చాలాసేపు ఆలోచించారు. "అన్నామేమో లెండి. ఇంతమంది చెబుతుంటే కాదంటే ఏం బాగుంటుంది?" అన్నారు. ఎనభై ఏళ్ల మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగరు. మంగతాయారుగారు చెల్లెల్ని తీసుకుని రాజమండ్రి డాక్టరు దగ్గరికెళ్లిన రోజు అది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఎదురుగా మట్టి కుప్ప ఉంది.

ఆయన్ని ఊరి చివర ఏదో గోడౌనుకి రంగులేసి దాంట్లో పెట్టారు. తాత్కాలిక వసతిట. చూడ్డానికెళ్తే కిటికీ లేని గదిలో గోడకేసి కూర్చుని ఉన్నారు. "ఎదురుగా ఎవరూ లేరండీ తాయారుగారూ" అన్నారు. అంతకన్నా ఫిర్యాదు చెయ్యలేదు. ఆ నెలలోనే పోయారు. వయసైపోయిందన్నాడు కంపెనీవాడు. ఆహా! కొంప కూల్చేదాకా అవ్వని వయసు, కూల్చగానే అయిపోయిందా?

వరాలుకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడ రోజూ ఎదుటి మట్టికుప్ప చూసి, "సూర్రావన్నయ్యగారేరీ?" అంటుంది. "ఊరెళ్లారు" అంటారు వీధివాళ్లంతా.

ఆ మధ్యాహ్నం ఎండలోనే మంగతాయారుగారు ఆటో ఎక్కి ప్రయోగశాలకి వెళ్లారు. హైమ లేచి నిలబడింది. "రండి మేడమ్, మజ్జిగ తాగుతారా?"

"మజ్జిగ తర్వాత. నా నీడని పిలు. దాంతో నాకు పనుంది."

హైమ ముఖం చిన్నదైంది. బల్ల మీది యంత్రాన్ని కదిపింది. పక్కన ఆకుపచ్చ దీపం, ఎర్ర దీపం ఉన్నాయి. స్పీకర్లోంచి మంగతాయారుగారి గొంతే వచ్చింది. "మంగతాయారునండీ. చెప్పండి."

అదే గొంతు, అదే గరగర. కానీ ఏదో తేడాగా ఉంది. చల్లార్చి పోసిన కాఫీలా ఉంది.

"ఏమే, నువ్వు నేనేనా?"

"ఆయ్." ఆకుపచ్చ దీపం వెలిగింది.

"మా ఇల్లు కూల్చుకోమని నువ్వే చెప్పావా?"

"ఆయ్." ఆకుపచ్చ.

"నువ్వు గాడిదవి కదూ?"

"ఆయ్." మళ్లీ ఆకుపచ్చ.

"చూశావా హైమా! గాడిదవా అంటే ఔనంటోంది!"

"ఔనన్లేదండీ, ఆయ్ అంది" అంది హైమ నేల చూపులు చూస్తూ. "అదే వచ్చిన చిక్కు."

గోదావరి జిల్లాల మనిషికి ఆయ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వింటున్నామని చెప్పడం అది. గౌరవం. ఆయ్, ఔనండీ అంటాం. ఆయ్, కాదండీ అని కూడా అంటాం. అప్పు తీర్చమని వచ్చినవాడితోనూ ఆయ్ అంటాం, తీర్చం. పిల్లనిమ్మని అడిగినవాడితోనూ ఆయ్ అంటాం, ఇవ్వం. అసలు మాట దాని తర్వాత వస్తుంది.

"మీరు కంపెనీ అబ్బాయితో నిజంగా ఏమన్నారో వినండి" అని హైమ ఒక మీట నొక్కింది. ఈసారి వచ్చింది నీడ గొంతు కాదు, మూడు నెలల కిందట పెట్టె విన్న ఆవిడ అసలు మాట. "ఆయ్, ఏంటయ్యా నువ్వు మాట్లాడేది? బుర్రుందా? మా కొంపలు కూల్చి మమ్మల్ని గాల్లో వేలాడదీస్తావా? ముందు బయటికి నడు!"

"అదీ! అదే అన్నాను!" అన్నారు మంగతాయారుగారు పొంగిపోతూ.

"యంత్రం మొదటి మాట ఉంచుకుని మిగతాది వదిలేసిందండీ. గొంతు ఒక స్థాయి దాటితే అది మాట కాదు, చప్పుడని తీసేస్తుంది. వీధిలో హారన్లు, కుక్కల అరుపులు తీసేసినట్టే."

"అంటే నా కోపం చప్పుడా?"

హైమ మీట మీంచి వేలు తీసేసింది.

"చెప్పవే! నా కోపంతోనే కదే నీకు ఫిజిక్సొచ్చింది! అది తీసేస్తే ఇంక నేనేం మిగిలానే అందులో? సరే, చప్పుడు సంగతలా ఉంచు. ఆయ్ అంటే ఒప్పుకోవడమని దీనికెవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదండీ. దాని చదువు ముందు ఇంగ్లీషులో జరిగింది. తెలుగు తర్వాత నేర్పాం. ఇంగ్లీషువాళ్ల చట్టసభల్లో ఓటు వేసేటప్పుడు, అనుకూలమైనవాళ్లు ఆయ్ అని అరుస్తారు. అక్కడ ఆయ్ అంటే ఓటు. ఆ మాటా ఈ మాటా ఒకటే అనుకుంది."

మంగతాయారుగారు కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే సూర్రావుగారు గుర్తొచ్చారు. నవ్వు పోయింది.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"సూర్రావుగారు పోయాక."

"కంపెనీకి చెప్పావా?"

"చెప్పానండీ. ఒక మాటే కదా, పెద్ద తేడా ఉండదన్నారు. ఈ షెడ్డు, ఈ యంత్రాలు, ఇక్కడి పదిమంది జీతాలు ఆ నిశ్చింత నిలయాలవాళ్లవేనండీ" అంటూ హైమ కళ్లు తుడుచుకుంది.

"ఒక మాటట! ఆ ఒక్క మాట కింద మనిషి పడి చచ్చాడే తల్లీ!" అని లేచారు మంగతాయారుగారు. మజ్జిగ ముట్టుకోలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "సోమవారం నువ్వూ వస్తావుగా ఆ దిక్కుమాలిన పెట్టె పట్టుకుని? రా. నీ కళ్లతో చూద్దువుగాని" అనేసి వెళ్లిపోయారు.

సోమవారం కల్యాణ మండపం కిటకిటలాడింది. కాలనీ ముసలివాళ్లు ముందు వరసల్లో, వెనకవీధి జనం బుల్లెమ్మతో సహా వెనకాల. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే సింహాసనాలు పక్కకి జరిపి, ఆ వేదిక మీదే విచారణాధికారి సీతాపతిరావుగారిని కూర్చోబెట్టారు. బట్టతల, మెత్తటి మనిషి. ఆయన పక్కన నిశ్చింత నిలయాల తరఫున వచ్చిన చరణ్ అనే కుర్రాడు. ఇంకో పక్కన యంత్రం, దాని వెనక హైమ. ఆకుపచ్చ దీపం, ఎర్ర దీపం అందరికీ కనబడేలా పెట్టారు.

బుల్లెమ్మ మొదలెట్టింది. "అయ్యగారూ, మా బోది సంగతండీ..."

"అమ్మా, కూర్చోండి" అన్నారు అధికారి. "కాలనీలో ఉన్నవాళ్లే ఒప్పుకున్నాక పక్కవీధి అభ్యంతరాలు చెల్లవు. అది రూలు."

మంగతాయారుగారు లేచారు. "అయ్యా, ఒప్పుకోలేదని చెప్పడానికే వచ్చాం."

"మీ నీడ సాక్ష్యం చెబుతుందమ్మా. ఒక మనిషికి ఒకే సాక్ష్యం. మళ్లీ మీరూ చెబితే రెండుసార్లవుతుంది."

"మనిషినిక్కడ పెట్టుకుని నీడనడుగుతారా! ఇదెక్కడి న్యాయమండీ?"

"పెద్దవాళ్లు శ్రమ పడకూడదనే మేడమ్" అన్నాడు చరణ్ తియ్యగా. యంత్రం వైపు తిరిగి ఒక్కొక్క పేరే పిలవడం మొదలెట్టాడు. "కాలనీ పునర్నిర్మాణానికి సమ్మతమేనా?"

"ఆయ్" అంది మొదటి నీడ. ఆకుపచ్చ దీపం. ఆ గొంతు గల మనిషి ముందు వరసలోనే కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఆయ్" అంది రెండోది. "ఆయ్" అంది మూడోది. ఒకటి తర్వాత ఒకటి, బతికున్న మనుషులు కుర్చీల్లో కూర్చుని ఉండగా, వాళ్ల గొంతులు వాళ్ల ఇళ్లు అప్పజెప్పేస్తున్నాయి. మంగతాయారుగారికి పళ్లు పటపటలాడాయి.

"గుత్తుల సూర్యారావుగారు. సమ్మతమేనా?"

"ఆయ్" అన్నారు సూర్రావుగారు.

వెనకవీధి జనం దాకా అందరి మెడలూ యంత్రం వైపు తిరిగాయి. ఆయన గొంతే. అదే మెత్తదనం. ఆయన పోయారని చరణ్‌కి తెలీదు, కాగితంలో ఉన్న పేరు చదువుకుంటూ పోతున్నాడు. తర్వాతి పేరు పిలవబోయేంతలో వరాలు లేచి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా! సూర్రావన్నయ్యగారు వచ్చేశారే! అన్నయ్యగారూ, ఊర్నించి ఎప్పుడొచ్చారండీ?"

"ఆయ్" అంది యంత్రం.

"భోంచేశారా?"

"ఆయ్."

వరాలు వేదిక దాకా నడిచింది. యంత్రం వెనకాల, తెర వెనకాల తొంగిచూసింది. "ఎక్కడున్నారండీ? కనబడరేం? రండి, ఇంటికెళ్దాం."

"ఆయ్."

"రండి మరి!"

"ఆయ్." ప్రతిసారీ ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

ముందు వరసలో ఎవరో వెక్కారు. హైమ మీట నొక్కి ఆ గొంతు ఆపేసింది. మంగతాయారుగారు చెల్లెలి భుజం పట్టుకున్నారు. ఆవిడ నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయడం బాగోదు. వాటిలో చాలామటుకు చరణ్ వంశానికి సంబంధించినవి.

"చచ్చినవాడిచేత ఆయ్ అనిపించార్రా! బతికుండగా ఇల్లు కూల్చారు, చచ్చాక ఓటేయించుకుంటున్నారు! సిగ్గుందా మీకు?"

అధికారి చెమట తుడుచుకున్నారు. "పొరపాటు జరిగిందమ్మా. ఆ పేరు కొట్టేస్తాం. మిగతా ముప్ఫైతొమ్మిదీ చెల్లుతాయి కాబట్టి..."

అక్కడ ఆగిపోయింది మంగతాయారుగారి ఓపిక. చెల్లెల్ని బుల్లెమ్మకి అప్పగించి, కొంగు బిగించి వేదిక మెట్లెక్కారు. హైమ ఆవిడ ముఖం చూసింది. ఆవిడా హైమని చూశారు. హైమ చెయ్యి చాచి, అధికారి ముందున్న మైకు తీగ తీసి యంత్రానికి గుచ్చేసింది. ఆ పనితో తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ పిల్లకి తెలుసు.

"అయ్యా, తమరిదే ఊరండీ?" అన్నారు మంగతాయారుగారు, గొంతు దించి, ఎంతో మర్యాదగా.

"ఆయ్, మాది అంబాజీపేట పక్కనేనండీ" అన్నారు అధికారి.

ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆయన చూసుకోలేదు.

"మనవాళ్లే! అయితే మా మనవి ఆలకించండి. ఈ కూల్చివేత ఈ క్షణమే రద్దు చెయ్యాలని మా అర్జీ."

"ఆయ్, ముందు నా మాట కూడా వినాలమ్మా మీరు..."

దీపం వెలిగింది. యంత్రం ఖంగుమంది. "విచారణాధికారి సమ్మతి నమోదైనది. కూల్చివేత రద్దు."

చరణ్ కుర్చీలోంచి లేచిపోయాడు. "సార్, ఇది చెల్లదు! సార్ ఒప్పుకోలేదు!"

"నేనెప్పుడొప్పుకున్నాను?" అన్నారు అధికారి గాభరాగా. "పెద్దావిడ మాట్లాడుతుంటే ఆయ్ అన్నాను. మర్యాదకి అన్నాను. వింటున్నానని అన్నాను. దానికే ఒప్పుకున్నట్టు రాసేసుకుంటారా ఎవరైనా?"

మంగతాయారుగారు ఆయన వంక అలా చూస్తూ నిలబడ్డారు. ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఆయన చెవులకి చేరడానికి కొంచెం టైము పట్టింది. చేరాక ఆయన యంత్రాన్ని చూశారు, ముందు వరసల్లోని ముసలి ముఖాల్ని చూశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ యంత్రం ఆపెయ్యండి" అన్నారు. "నీడల సాక్ష్యాలన్నీ కొట్టేస్తున్నాను. మనుషుల్నే అడుగుతాను."

ఈలలు, చప్పట్లు. అయితే అసలు గండం అక్కడే ఉంది. ఆయన ముందు వరసలో మొదటి పెద్దాయన్ని లేపి, "చెప్పండి బాబయ్యగారూ, మీ ఇల్లు తీసెయ్యడం మీకు ఇష్టమేనా?" అని అడిగారు. ఆ పెద్దాయన చేతులు కట్టుకుని, ఒకసారి చరణ్‌ని, ఒకసారి అధికారిని చూసి నీళ్లు నమిలారు.

"ఆయ్... మరి తమరంతా పెద్దవాళ్లు... ఇంత దూరం వచ్చారు... తమ దయ అండీ..."

"ఓరి మీ మర్యాద మండిపోనూ!" అని మంగతాయారుగారు వేదిక మీంచి ఒక్క కేక పెట్టారు. "కొంప కూల్చేవాడికి కూడా మర్యాదేనా? ఇలా అనే కదయ్యా సూర్రావుగారు పోయారు! ఆయన ఒక్కసారి వద్దని ఉంటే ఇవాళ మన పక్కన కూర్చునేవారు. కాదనడం రాదా మీకు? నోరు లేదా? అనండి!"

ఆ పెద్దాయన కట్టుకున్న చేతులు విప్పారు. డెబ్భై అయిదేళ్లలో ఒక ఆఫీసరు ముఖం మీద ఆ మాట అని ఎరగరాయన.

"వద్దండి" అన్నారు. ఇంకా గట్టిగా, "నాకిష్టం లేదండి. మా ఇల్లు మాకుండనివ్వండి."

పక్కావిడ లేచింది. "వద్దు." ఆ పక్కాయన కర్ర పట్టుకుని లేచారు. "వద్దు బాబూ." అలా వరసంతా లేచింది. కొందరు అంటూ ఏడ్చారు, కొందరు తిట్టారు. సీతాపతిరావుగారు ఒక్కొక్కటీ తన చేత్తోనే రాసుకుని, కూల్చివేత ఆపమని అక్కడే సంతకం చేశారు. చరణ్ కారెక్కి వెళ్లిపోయాడు. సూర్రావుగారి గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. క్షమించమని ఆ కంపెనీ ఇవాళ్టికీ ఎవర్నీ అడగలేదు.

అంతా అయ్యాక బుల్లెమ్మ ఊళ్లో పెళ్లయినంత సంబరంగా ముందు నడుస్తోంది. అక్కాచెల్లెళ్లు వెనక నడుస్తున్నారు. వరాలు మాటిమాటికీ వెనక్కి తిరిగి మండపం వైపు చూస్తోంది.

"సూర్రావన్నయ్యగారు లోపలే ఉండిపోయారేంటక్కా? పిలిస్తే పలికారు. రాలేదేం?"

"ఊరె..." అని బుల్లెమ్మ అందించబోయింది. మంగతాయారుగారు చెయ్యెత్తి ఆపారు.

"చచ్చిపోయారే వరాలూ. ఇల్లు కూల్చేసి, తీసుకెళ్లి గోడౌన్లో పడేస్తే, దిగులుతో చచ్చిపోయారు. నువ్విందాక విన్నది ఆయన కాదు."

వరాలు నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ముఖం అంతా ముడుచుకుపోయి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుస్తూనే, ఎప్పుడూ లేనంత కోపంగా అక్క చెయ్యి విదిలించుకుంది.

"కూలుస్తుంటే మీరంతా ఏం చేస్తున్నారు? వీధిలో ఇంతమందున్నారే! ఒక్కళ్లు అడ్డం వెళ్లలేదా?"

ఆ రోజు తాను రాజమండ్రిలో ఉన్నానని చెప్పొచ్చు మంగతాయారుగారు. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న వరాలు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఎదురుగా చూసింది. "సూర్రావన్నయ్యగారి ఇల్లేదే అక్కా? ఆయనేరీ?" అంది. నిన్నటిది ఏమీ లేదు ఆ ముఖంలో.

ఇడ్లీలు దించుతున్న బుల్లెమ్మ సైగ చేసింది. "పోనిద్దురూ తాయారమ్మగారూ. రోజూ ఏడిపిస్తారా ఏంటి పిచ్చితల్లిని? ఊరెళ్లారని చెప్పెయ్యండి."

"చెప్పను" అన్నారు మంగతాయారుగారు. "ఊరంతా మర్చిపోయినా మా ఇంట్లో మర్చిపోవడానికి వీల్లేదు." చెల్లెలి పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మొదట్నించీ చెప్పారు. ఇల్లు ఎవరు కూల్చారో పేరుతో సహా చెప్పారు. వరాలు మళ్లీ అంతే ఏడ్చింది. మళ్లీ అంతే కోపంగా అడిగింది, "మీరంతా ఏం చేస్తున్నారు?" అని.

రేపూ అడుగుతుంది. అడగనీ.